నాకంటే ముందు కోనసీమ చేరిన గోవింద

కోనసీమ వెళ్ళొచ్చినవాళ్ళు కాలవల గురించీ కొబ్బరి చెట్ల గురించీ రాస్తారు. అవి ఉన్నాయి, నేనూ చూశాను. నేను రాసేది మాత్రం వేరే సంగతి. నేను నంద్యాలలో పుట్టించిన ఒక చెడ్డ అలవాటు నాకంటే ముందే అక్కడికి చేరి, ఊరూరా కాపురం పెట్టుకుని ఉంది. దాన్ని నా కళ్ళతో చూసి వచ్చాను. వచ్చి పదిహేను రోజులైనా ఆ అదురు తగ్గలేదు. అందుకే రాస్తున్నాను.

నలభై ఏళ్ళు ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచేసి బతికినవాణ్ణి. అక్షరాలు వచ్చింది మాత్రం యాభై రెండో ఏట, మనవరాలి పలక మీద. నా రాతలో తప్పులుంటే సర్దుకోండి. అబద్ధాలు ఉండవు.

సత్తిబాబు నా శిష్యుడు. అంబాజీపేట కొబ్బరికాయల లారీలో క్లీనరుగా నంద్యాల వచ్చి, లారీ దిగి నా షాపులో ఉండిపోయాడు. ఆరేళ్ళు పని నేర్చి, కువైట్‌లో ఎనిమిదేళ్ళు చేసి, ఇప్పుడు అమలాపురంలో సొంత షాపు పెట్టుకున్నాడు. వాడు ఫోన్ చేశాడు.

"గురువుగారండీ, ఏసీ మెకానిక్కులకి గవర్నమెంటోళ్ళు క్లాసులు పెట్టేరండి. తమరొకసారి రావాలండి. తమతో పనుందండి."

పని ఏమిటో చెప్పలేదు. శాలువా కప్పుతాడనుకున్నాను. కొత్త తెల్లచొక్కా కుట్టించుకుని బయలుదేరాను.

రావులపాలెం

పొద్దున్నే బస్సు దిగితే చొక్కా ఒంటికి అంటుకుపోయింది. మా నంద్యాల ఎండ కాలుస్తుంది. ఇక్కడి ఎండ ఉడకబెడుతుంది. ఎటు చూసినా అరటి గెలలు. గెలల వెనక లారీలు, లారీల వెనక మళ్ళీ గెలలు. సత్తిబాబు ఇంకా రాలేదు. టీ బడ్డీ దగ్గర కూర్చుని, కొత్తపేట ఆటోలు ఇక్కడే ఆగుతాయా అని అడిగాను.

"ఆయ్" అన్నాడు టీ కాచే ఆయన.

మా వైపు ఆయ్ అంటే కుక్కను అదిలించినట్టు. నాకు తిక్క రేగింది. "ఏమప్పా, మర్యాదగా అడిగితే అదిలిస్తావేంది?" అన్నాను.

ఆయన గరిటె పక్కనపెట్టి నవ్వాడు. "అదిలించలేదండి బాబూ. అవునన్నానండి. మా వైపు అవునంటే ఆయ్ అండి." టీ పది రూపాయలు. తగువు పెట్టుకున్నందుకు కాబోలు, గ్లాసు అంచుదాకా పోశాడు.

బడ్డీ పక్కనే అరటికాయలు మగ్గబెట్టే చల్లగది ఉంది. దాని డాబా మీద ఒకడు ఏసీ బాగుచేస్తున్నాడు. కింద నుంచి ఓనరు కేకేశాడు. "ఇంకా ఎంతసేపురా బుల్లియ్యా?"

"గోవింద కొట్టేస్తన్నానండి. అయిపోయినట్టే."

ఆ మాట వెంటే పైనుంచి బుస్సుమని శబ్దం. నా చేతిలో గ్లాసు ఆగిపోయింది.

ఆ మాట నాది.

పని చేసే కొత్తలో, గ్యాసున్న పైపుకి తెలియక మంట పెట్టాను. పైపు పేలి కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రోజు నుంచీ నా షాపులో ఒక చట్టం పెట్టాను. పైపు ముట్టుకునే ముందు నట్టు విప్పి, లోపలి గ్యాసంతా బయటికి వదిలెయ్యాలి. పోయినదాన్ని మనం గోవిందా అంటాం కదా, అలా అది గోవింద కొట్టడం అయింది. ఎవడైనా మరిచిపోతే స్పానరుతో మణికట్టు మీద ఒకటిచ్చేవాణ్ణి. నాకు అక్షరాలు వచ్చాక షాపు గోడ మీద సుద్దతో మొట్టమొదట రాసిన వాక్యం అదే: "ముందు గోవింద. తర్వాతే మంట." దాన్ని మొదట చదివినవాడు సత్తిబాబు.

ఇన్ని వందల మైళ్ళ అవతల, ముఖమైనా తెలియని మెకానిక్కు నోట నా మాట. ముందు ఏం రాబోతోందో తెలియక ఛాతీ ఉబ్బించుకుని కూర్చున్నాను. సత్తిబాబు బండి మీద రాగానే ఆ సంగతి చెప్పాను. వాడు నవ్వలేదు.

"ఆయ్. ఈ చుట్టుపక్కలందరూ అదే అంటారండి. నా దగ్గరే నేర్చుకున్నారండి" అని బండి తిప్పాడు.

కొత్తపేట

ఆ రాత్రికి బస సత్తిబాబు అత్తవారింట్లో. వాడి భార్య వెంకటలక్ష్మి పుట్టిల్లు అది. అరిటాకు వేసి, ఆవపెట్టిన పనసపొట్టు కూర, చింతచిగురు రొయ్యలు, కొబ్బరి పచ్చడి వడ్డించింది. మా ఇంట్లో జొన్నరొట్టె, శెనిక్కాయల పొడి ఉంటే పండగ. ఇక్కడ పచ్చడిలో కొబ్బరి, కూరలో కొబ్బరి. కారం ఏదమ్మా అంటే రెండు పచ్చిమిరపకాయలు ఆకు అంచున పెట్టి, "జాగ్రత్తండి, ఘాటుంటాయండి" అంది. నంద్యాలవాడితో.

సత్తిబాబు చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళగానే ఆమె గొంతు తగ్గించింది.

"బాబాయిగారండీ, ఈయన మీతో చెప్పలేకపోతున్నారండి. పరీక్ష రెండుసార్లు తప్పేరండి."

"ఏం పరీక్షమ్మా?"

"గ్యాసు బయటికి పోనివ్వకుండా సిలిండర్లోకి పట్టాలంటండి. అన్నీ సరిగ్గా బిగిస్తారంట. ఆఖర్లో చెయ్యి దానంతటదే నట్టు విప్పేస్తందంటండి. మీరే నేర్పేరంట కదండీ. మీరే మాన్పించాలండి."

శాలువా సంగతి అప్పుడే మరిచిపోయాను.

ఆమె మిగతాదీ చెప్పింది. అమలాపురం కాలేజీ ఒకటి తన ఏసీల పనంతా సర్టిఫికెట్టు ఉన్న మెకానిక్కుకే ఇస్తానంది. అది దొరికితే సత్తిబాబు ఇక్కడే ఉంటాడు. ఎల్లుండి రాజోలులో మూడోసారి పరీక్ష. క్లాసులు చెప్పే మేడం ఇంక నాలుగోసారి లేదన్నారట. తప్పితే కువైట్. కాగితాలు బీరువాలో సిద్ధంగా ఉన్నాయి.

"ఎనిమిదేళ్ళు ఫోన్లో కాపురం చేసేనండి. ఇంక నావల్ల కాదండి" అని మజ్జిగ పోసింది.

అయినా నా బుద్ధి ఇంకా మారలేదని ఒప్పుకోవాలి. రంగూ వాసనా లేని గ్యాసు, గాలికి పోతే ఎవడి సొమ్మేం పోయింది, దానికొక పరీక్షా అని లోపల్లోపల ప్రభుత్వాన్ని తిట్టుకున్నాను.

అంబాజీపేట

మర్నాడు అమలాపురం వెళుతూ అంబాజీపేటలో ఆగాం. సత్తిబాబును నా దగ్గరికి పంపిన ఊరు కదా, చూడాలనిపించింది. లారీల మీద కాయలు గుట్టలుగా పోసి ఉన్నాయి. ఒక పెద్దామె కాయను చెవి దగ్గర ఊపి, ఇటొకటి అటొకటి వేస్తోంది.

"ఏం వింటున్నావమ్మా?" అన్నాను.

"నీళ్ళండి. కన్ను పగిలిన కాయలో నీళ్ళు కారిపోతాయండి. అది కుళ్ళుద్దండి."

మేం సబ్బు నురగ పూసి పైపులో కన్నం వెతుకుతాం. ఆమె చెవితోనే పట్టేస్తోంది. ఈ కాయలో మీరు పారేసేదేమిటి అని అడిగాను. ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "పారేసేదేముందండి? పీచు తాళ్ళకి, చిప్ప పొయ్యిలోకి, ఆకు తడికలకి, ఈనెలు చీపురుకి. పొట్టు కూడా మొక్కలకంటండి, లారీలెక్కి పోతంది."

సత్తిబాబు నా వైపు చూసి తల తిప్పుకున్నాడు.

అమలాపురం

క్లాసు ఒక పెద్ద హాల్లో. ముప్పై మంది దాకా మెకానిక్కులు. అందులో నిన్న డాబా మీద ఉన్న బుల్లియ్య కూడా ఉన్నాడు. చెప్పేది ఒక ఆడపిల్ల. ఆడపిల్ల అన్నానని కోప్పడకండి, నా వయసుకు అందరూ పిల్లలే. పేరు సువార్త, రాజోలు అమ్మాయి. మా తాతగారు కూలికెళ్ళేవారండి, మా అమ్మ టీచరండి, నేను ఇలా స్పానరు పట్టేనండి అని నవ్వుతూ చెప్పింది. నేను సత్తిబాబు గురువునని తెలిసి, "మాస్టారండీ, ముందుకొచ్చి కూర్చోండి" అంది. నన్ను మాస్టారని అంతవరకు ఎవరూ పిలవలేదు.

ఆమె బోర్డు మీద మొదటగా రాసింది "గోవింద". దాని మీద అడ్డంగా గీత కొట్టింది.

"ఈ మాట ఎవరు కనిపెట్టేరో తెలీదండి. ఈ మూడు తాలూకాల్లో ఎవర్ని అడిగినా ఇదే మాట. ఈ ఒక్క మాట మాన్పించగలిగితే నా పని సగం అయిపోయినట్టేనండి."

సత్తిబాబు తల దించుకున్నాడు. నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. ఆకాశంలో చాలా ఎత్తున ఓజోన్ అనే పొర ఉంది. సూర్యుడి కిరణాల్లో చెడ్డవాటిని అది ఆపుతుంది. ఆపకపోతే చర్మానికి పుండ్లు, కాన్సరు, కళ్ళకు శుక్లాలు, పైరుకు చేటు. మనం బుస్సుమని వదిలిన గ్యాసు ఎక్కడికీ పోదు. ఏళ్ళ తరబడి మెల్లగా పైకెక్కుతుంది. అక్కడ విరిగి ఆ పొరను తింటుంది. ఒకసారి తిని ఊరుకోదు, మళ్ళీ మళ్ళీ తింటుంది.

నాకు నిరుడు రెండు కళ్ళకూ శుక్లాలు తీశారు. లేచి అడిగాను. "అమ్మా, నా కళ్ళకు నా గ్యాసే కారణమా?"

"అలా చెప్పలేమండి మాస్టారూ. వయసుకి కూడా వస్తాయి కదండీ. మీవల్లే మీ కళ్ళు పోయేయని నేను అనను. కానీ పోయిన గ్యాసు ఇంకా పైనే ఉందండి."

ఆ ఆఖరి మాట విన్నాక కూర్చున్నానో నిలబడ్డానో తెలియలేదు. నలభై ఏళ్ళు. రోజుకి ఎన్ని నట్లు విప్పానో. పోయిందనుకున్నదేదీ పోలేదు. గోవిందా కాలేదు. పైనే ఉంది.

తర్వాత ఆమె ఒక పాత పచ్చ సిలిండరు తెచ్చి బల్ల మీద పెట్టింది. నాకు సిలిండర్లు రంగులతోనే తెలుసు. తెల్లది ఫ్రిజ్జుకి, పచ్చది ఏసీకి. అక్షరం రానివాడికి రంగే అక్షరం. అలాంటి పచ్చ సిలిండరును బోర్లించి, ముక్కాలిపీట బదులు దాని మీద కూర్చుని పని చేసేవాణ్ణి. దాని మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. చదవమన్నాను.

"ఓజోన్ పొరకు హాని చేస్తుంది, గాలిలోకి వదలరాదు అని ఉందండి."

నేను దాని మీద కూర్చున్నాను. ఏళ్ళ తరబడి ఆ రాత మీదే కూర్చుని గ్యాసు వదిలాను. నాకు తెలుగు వచ్చేసరికే యాభై దాటింది, అది ఇంగ్లీషులో ఉంది.

ఆ రోజు నన్ను కొట్టిన దెబ్బ ఇంకొకటి ఉంది. ఒకప్పుడు తెల్ల సిలిండర్లు బజార్లో దొరకడం మానేశాయి. డీలరు దాచిపెట్టాడని వాడి షాపు ముందు నిలబడి బూతులు తిట్టాను. దాచిపెట్టింది డీలరు కాదు. ఆ గ్యాసు వద్దని దేశాలన్నీ ఒప్పందం చేసుకున్నాయట. మన దేశమూ సంతకం పెట్టి, తెల్లదాన్ని ఆపింది. పచ్చదాన్ని తగ్గిస్తూ వస్తోంది. ఈ క్లాసులూ అందుకే.

"అన్ని దేశాలూనా?" అన్నాను. మా ఇద్దరన్నదమ్ములకే గట్టు తగువు ఇరవై ఏళ్ళయినా తీరలేదు.

"అన్నీనండి. అందుకే ఆ పొర మానుతోందండి. పుండు మానినట్టు, మెల్లగా. మనం మళ్ళీ గోకకుండా ఉంటే."

సాయంత్రం మేడం దగ్గరికి వెళ్ళి, రేపు పరీక్షలో నేనూ కూర్చుంటాను అన్నాను. ముందు నేను చేసి చూపిస్తే, సత్తిబాబు చెయ్యి దారికొస్తుందని నా లెక్క. నేర్పింది నేనే కదా, మాన్పించడం ఎంతసేపు అనుకున్నాను. ఆమె సరేనంది.

రాజోలు

వైనతేయ వంతెన దాటి రాజోలు చేరేసరికి ఎండ ముదిరింది. దారిలో బొండాం తాగబోయి కొత్తచొక్కా మీద సగం ఒలకబోసుకున్నాను. కొబ్బరినీళ్ళ మరక పోదని అక్కడివాళ్ళు చెప్పారు. నిజమే, పోలేదు.

పరీక్ష పెట్టింది మూతపడ్డ రొయ్యల షెడ్డులో. పచ్చ గ్యాసు నింపిన పాత ఏసీలు రెండు ఉన్నాయి. గ్యాసు పట్టే చిన్న మిషను, ఖాళీ సిలిండరు, దాని కింద తూకం. లోపలి గ్యాసు సిలిండర్లోకి చేరాలి, గేజి ముల్లు కిందికి దిగాలి, ఆ తర్వాతే నట్టు ముట్టుకోవాలి. చెప్పుకోవడానికి అంతే.

నేను ముందు కూర్చున్నాను. చుట్టూ అందరూ. గొట్టాలు బిగించాను. కవాటం చూసుకున్నాను, తూకం చూసుకున్నాను. సత్తిబాబు వైపు తిరిగి, "చూడరా, తొందరపడకూడదు" అన్నాను.

అంటుండగానే బుస్సుమంది.

ఎవరు వదిలారా అని చుట్టూ చూశాను. నా చేతిలో స్పానరు ఉంది. నట్టు విప్పి ఉంది. నా కుడిచెయ్యి, కాలిన మచ్చ ఉన్న చెయ్యి, నన్నడక్కుండా ఆ పని చేసేసింది. మేడం ఒక్క అంగలో వచ్చి నట్టు బిగించింది.

"పోయింది కొంచెమేనండి మాస్టారూ" అంది.

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. నా ఒంట్లో నాకు తెలియని మనిషి ఒకడున్నాడని అరవై ఎనిమిదో ఏట తెలిసింది. ఇక దాచడం నావల్ల కాలేదు.

"బోర్డు మీద నువ్వు కొట్టేసిన మాట నాదేనమ్మా. గోవింద అని పేరు పెట్టినవాణ్ణి నేను. వీడి మణికట్టు మీద కొట్టి కొట్టి నేర్పినవాణ్ణీ నేనే. వీడు మీకందరికీ నేర్పినాడు. తప్పు వీడిది కాదు."

వెనకనుంచి బుల్లియ్య గొంతు వినిపించింది. "ఐతే మేమింతకాలం కొలిచిన గోవిందుడు తమరేనన్నమాటండి."

కొందరు నవ్వారు. మేడం కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు.

సత్తిబాబు లేచి రెండో ఏసీ ముందు కూర్చున్నాడు. గొట్టాలు బిగించాడు. ఇంకా మిషను మీట నొక్కలేదు. వాడి కుడిచెయ్యి స్పానరు అందుకుంది. పెదవులు "గో" అని కదలడం నేను చూశాను. మాతోపాటు వచ్చిన వెంకటలక్ష్మి తలుపు దగ్గర కొంగు నోట్లో కుక్కుకుంది. నా చెయ్యే మాట వినలేదు, వాడి చెయ్యి ఏం వింటుంది?

వాడు ఆగాడు. తన కుడిచేతిని కాసేపు చూశాడు. స్పానరును ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. కుడిచేతిని తొడకింద పెట్టి, దాని మీద కూర్చున్నాడు.

"ఏంటది సత్తిబాబుగారూ?" అంది మేడం.

"గురువుగారు ఈ చేతికేమీ నేర్పలేదండి" అన్నాడు.

ఎడమచేత్తోనే మీట నొక్కాడు. ఎడమచేత్తోనే కవాటం తిప్పాడు. పసిపిల్లాడు అన్నం కలుపుకున్నట్టు, ప్రతి కదలికకీ ఆగి, చూసి, మళ్ళీ కదిలి. తూకంలో అంకె పెరుగుతోంది, గేజి ముల్లు దిగుతోంది. ముల్లు అడుగుకి చేరి నిలబడ్డాక, మేడం తూకాన్ని, ఏసీ రేకు మీద రాసి ఉన్న గ్యాసు అంకెనూ పోల్చి చూసుకుని రాసుకుంది.

"ఇప్పుడు నట్టు విప్పండి" అంది.

సత్తిబాబు విప్పాడు. ఏ శబ్దమూ రాలేదు. ఈ పనిలో ఇన్నేళ్ళున్నాను, నట్టు విప్పితే శబ్దం రాకపోవడం నేను విన్నది అదే మొదటిసారి.

వెంకటలక్ష్మి కొంగు తీసి, "ఐపోయిందాండి?" అంది. మేడం తలూపింది. సత్తిబాబు కుడిచెయ్యి తిమ్మిరెక్కి, కాగితం మీద సంతకానికి కూడా లేవలేదు. సర్టిఫికెట్టు సంతకమూ ఎడమచేత్తోనే పెట్టాడు.

వాడపల్లి మీదుగా ఇంటికి

తిరుగుదారి శనివారం పడింది. సత్తిబాబు దంపతులు వాడపల్లి వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నారట, నన్నూ తీసుకెళ్ళారు. ఏడు శనివారాల మొక్కున్నవాళ్ళు గుడి చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నారు. వేలమంది గోవిందా గోవిందా అంటుంటే నా నోరు పెగల్లేదు. ఆ మాటను నేను ఎక్కడ వాడానో ఆయనకు తెలుసు. తల పైకెత్తి చూశాను. నీలంగా ఉంది. ఏమీ కనిపించలేదు. కనిపించదని తెలిసీ చాలాసేపు చూశాను. పక్కన వెంకటలక్ష్మి, "అనండి బాబాయిగారండీ, ఆయనకేం కోపం ఉండదండి" అంది. మెల్లగా ఒక్కసారి అన్నాను.

కువైట్ కాగితాలు బీరువాలోంచి తీసి ఏం చేశావమ్మా అని అడిగాను.

"అట్టలేసేనండి, మా పాప పుస్తకాలకి" అంది. ఆ వైపు ఏదీ పారెయ్యరని ముందే రాశాను.

నాకు సర్టిఫికెట్టు రాలేదు. రావాలని అడగనూ లేదు. ఇప్పుడు నా షాపు చూసుకునేది నా కూతురి కొడుకు. ఇంటికి రాగానే షాపుకెళ్ళి, గోడ మీది పాత వాక్యాన్ని తడిగుడ్డతో తుడిచాను. పదహారేళ్ళుగా అరిగినప్పుడల్లా మళ్ళీ దిద్దుతూ వచ్చిన సుద్ద. మూడుసార్లు తుడిస్తే గాని పోలేదు. ఆ చోటే కొత్త వాక్యం రాశాను: "ముందు పట్టు. తర్వాతే మంట."

ఎడమచేత్తో రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. కానీ చదువుకోవచ్చు.